కుబెర్నెటీస్ ఫ్లాగులు: క్యూబ్‌లెట్‌కు మంచి మార్కులు, క్యూబ్‌సీటీఎల్‌కు కాస్త తక్కువ

ఎన్నో సర్వర్లలో కంటైనర్ అప్లికేషన్లను నడిపే సాఫ్ట్‌వేర్ కుబెర్నెటీస్. అలాంటి సర్వర్ల గుంపులను, అంటే క్లస్టర్లను, చూసుకోవడమే నా ఉద్యోగం కాబట్టి అందులో నాకు బాగా నచ్చిన మార్పు ముందు చెబుతాను. ప్రతి సర్వర్ (నోడ్) మీద నడిచే కుబెర్నెటీస్ ఏజెంటు క్యూబ్‌లెట్. దానికి ఒకప్పుడు సెట్టింగులన్నీ కమాండ్ లైన్‌లోనే ఫ్లాగులుగా ఇచ్చేవాళ్ళం. దాన్ని స్టార్ట్ చేసే సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు నడిపే ప్రోగ్రామ్) యూనిట్ ఫైలు తెరిస్తే ఒక్క లైనే స్క్రీన్ దాటిపోయేది. ఇప్పుడు ఆ ఫ్లాగుల్లో చాలావరకు డెప్రికేటెడ్, అంటే ఇక వాడొద్దని చెప్పినవి. కాన్ఫిగ్ అనే ఫ్లాగుకు ఒక యామల్ (సెట్టింగులు రాసే టెక్స్ట్ ఫార్మాట్) ఫైలు చూపిస్తే చాలు. నోడ్‌కు 110 పాడ్లు (కంటైనర్లు నడిచే చిన్న యూనిట్లు) అన్న డిఫాల్ట్ పరిమితి మార్చాలంటే అందులో మ్యాక్స్‌పాడ్స్ అని ఒక్క వరుస రాసి, క్యూబ్‌లెట్‌ను రీస్టార్ట్ చేస్తే సరి. ఫైలు గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే టూల్) ఉంటే ఎవరు ఎప్పుడు మార్చారో కూడా తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: అదే సెట్టింగు కమాండ్ లైన్‌లోనూ ఉంటే ఫ్లాగుదే పైచేయి. పాత ఫ్లాగు తీసేయకుండా ఫైలు ఎంత సవరించినా ఫలితం ఉండదు.

క్లస్టర్‌కు కమాండ్లు ఇచ్చే టూల్ క్యూబ్‌సీటీఎల్ సంగతి వేరు. ఏ విభాగంలో, ఏ క్లస్టర్‌లో పనిచేయాలో చెప్పే నేమ్‌స్పేస్, కాంటెక్స్ట్ లాంటి ఉమ్మడి ఫ్లాగులను ప్రతి కమాండ్ హెల్ప్‌లోనూ నింపకుండా 'క్యూబ్‌సీటీఎల్ ఆప్షన్స్' కింద విడిగా పెట్టడం చక్కటి ఆలోచన. పొట్టి అక్షరాల దగ్గరే ఇబ్బంది. ఫైల్లో రాసింది క్లస్టర్‌కు వర్తింపజేసే అప్లై కమాండ్‌లో హైఫన్ ఎఫ్ (-f) అంటే ఫైలు పేరు. లాగ్స్ కమాండ్‌లో అదే హైఫన్ ఎఫ్ అంటే కొత్త లాగులు వస్తున్న కొద్దీ చూపిస్తూనే ఉండమని. కొత్తగా చేరినవాళ్ళు ఇక్కడే తికమకపడతారు. స్క్రిప్టుల్లో మాత్రం ఫైల్‌నేమ్, ఫాలో అని పూర్తి పేర్లే రాయమని మా టీమ్‌లో గట్టిగా చెబుతాను.