రెడ్ ఫ్లాగ్ చట్టం: శిక్షణ పోలీసులకా, అందరికీనా?

తనకో ఎదుటివారికో ప్రాణహాని తలపెడతాడనిపించే మనిషి దగ్గరున్న తుపాకులను కోర్టు ఉత్తర్వుతో కొంతకాలం తీసి ఉంచే చట్టం అమెరికాలో ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఉంది. 1999లో కనెక్టికట్‌తో మొదలైంది. వాడుకలో రెడ్ ఫ్లాగ్ చట్టం అంటారు. దాన్ని వాడటం ఎవరికి నేర్పాలన్న దగ్గరే రాష్ట్రాలు వేర్వేరు దారులు పట్టాయి.

పార్క్‌లాండ్ బడిలో జరిగిన కాల్పుల్లో 17 మంది చనిపోయాక 2018లో ఫ్లోరిడా చట్టం చేసింది. అక్కడ ఆ ఉత్తర్వు కోసం కోర్టులో అర్జీ పెట్టే హక్కు పోలీసు శాఖలదే కాబట్టి శిక్షణ కూడా వారికే. బాధ్యత ఎవరిదో తేలిపోతుంది. అక్కడ వేల ఉత్తర్వులు వెలువడ్డాయి. లోటు కూడా అక్కడే ఉంది. కొడుకు ఆత్మహత్య చేసుకుంటాడేమోనని భయపడే తల్లి పోలీసులకు ఫోను చేయడానికి జంకుతుంది. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలేనని గుర్తుంచుకుంటే ఇది చిన్న లోటు కాదు.

న్యూయార్క్ 2019లోనే కుటుంబాలకూ బడి పెద్దలకూ అర్జీ హక్కు ఇచ్చింది. అయినా 2022 మేలో బఫెలోలో పదిమందిని చంపిన యువకుడు అంతకుముందు ఏడాది బడిలోనే బెదిరింపు రాతలు రాసి, మానసిక పరీక్షకు కూడా వెళ్లి వచ్చాడు. అర్జీ మాత్రం ఎవరూ పెట్టలేదు. అందరి పనీ ఎవరి పనీ కాకుండా పోయింది. ఆ తర్వాతే రాష్ట్ర పోలీసులు అర్జీ పెట్టి తీరాలని గవర్నర్ ఆదేశించారు, డాక్టర్లకూ హక్కు కల్పించారు.

పోలీసులకే అప్పగిస్తే చాలనుకోవడానికీ లేదు. మెయిన్ రాష్ట్రంలో పోలీసుల ద్వారానే నడిచే చట్టం ఉన్నా 2023లో లూయిస్టన్ కాల్పుల్లో 18 మంది చనిపోయారు. దాన్ని వాడటానికి స్థానిక పోలీసుల దగ్గర తగిన ఆధారం ఉందని విచారణ సంఘం తేల్చింది.

అందుకే నా ఓటు శాన్ డియాగో పద్ధతికి. అక్కడి నగర న్యాయవాది కార్యాలయంలో ఈ పనిమీదే ఉండే వకీళ్లు పోలీసులతో కూర్చుని అర్జీలు సిద్ధం చేస్తారు. ఆ అనుభవంతోనే, రాష్ట్ర నిధులతో, కాలిఫోర్నియాలోని ఇతర ఊళ్లకూ నేర్పారు. 2024లో కేంద్ర న్యాయశాఖ జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంతో కలిసి ఈ చట్టాల గురించి తెరిచిన జాతీయ వనరుల కేంద్రం లాంటివి సమాచారానికి మంచివే కానీ, రాత్రి రెండింటికి అలాంటి మనిషి ఇంటి ముందు నిలబడ్డ పోలీసుకు పనికొచ్చేది చేసి నేర్చుకున్న పనే. తర్వాతి వంతు అత్యవసర విభాగం డాక్టర్లది. కుటుంబాలకు చట్టం ఉందని, ఎవరిని అడగాలో తెలిస్తే చాలు.

డాలస్, హ్యూస్టన్ తెలుగువారికి మాత్రం ఈ పోలికతో పనిలేదు: టెక్సస్‌లో ఈ చట్టం లేదు, 2025లో దానికి అడ్డుగా మరో చట్టమే చేశారు.