పాత కారులో అప్పుడప్పుడే కనిపించే కరెంటు లోపాలకు ఒక మల్టీమీటర్: పదకొండేళ్లు వాడిన తర్వాత

2003లో తయారైన మా పెట్రోలు కారు విశాఖపట్నంలో సముద్రపు గాలి నేరుగా తగిలే చోట ఉంటుంది. ఇక్కడ రాగి తీగల చివర్లకు చిలుము పట్టడానికి ఎంతో కాలం అక్కర్లేదు. పదకొండేళ్ల క్రితం, నడుస్తున్న బండిలో ఉన్నట్టుండి మీటర్ల ముళ్లన్నీ పడిపోయి ఇంజిన్ ఆగిపోవడం, కాసేపటికి తాళం తిప్పితే మామూలుగానే సెల్ఫ్ అందుకోవడం మొదలైంది. వర్క్‌షాపులో ఆ లోపం ఒక్కసారీ బయటపడలేదు. అనుమానం మీద బ్యాటరీ, ఆపై దాన్ని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ మార్చినా ఫలితం లేకపోవడంతో, వోల్టులు, ఆంపియర్లు, నిరోధం కొలిచే ఈ డిజిటల్ మల్టీమీటర్ కొన్నాను.

దీన్ని ఎంచుకోవడానికి కారణం, కొలతల్లో కనిష్ఠ, గరిష్ఠ విలువలను గుర్తుపెట్టుకునే మీట ఉండటమే. వచ్చిపోయే లోపం మనం చూస్తున్నప్పుడు రాదు కాబట్టి, మన బదులు చూసే సాధనం కావాలి. బ్యాటరీ పాజిటివ్ దగ్గర 1 ఆంపియర్ ఫ్యూజు అమర్చిన పొడవాటి తీగను కారు లోపలికి తెచ్చి, మీటరు ఒక కొసను దానికి, రెండో కొసను ఇగ్నిషన్ స్విచ్ (తాళం తిప్పే స్విచ్) ద్వారా కరెంటు అందుకునే ఫ్యూజుకు తగిలించాను. ఆ కరెంటు దారి బాగుంటే రెండింటి మధ్య తేడా వోల్టులో కొద్ది వంతే ఉండాలి. గతుకుల రోడ్డులో ఇరవై నిమిషాలు తిరిగి, బండి పక్కకు ఆపి చూస్తే గరిష్ఠ విలువ 11 వోల్టులు దాటింది. అంటే ఆ దారి మధ్యలో ఎక్కడో పూర్తిగా తెగి మళ్లీ అతుక్కుంటోంది. మరుసటి రోజు రెండో కొసను స్విచ్‌కు ముందున్న తీగకు మార్చి అదే రోడ్డులో తిరిగితే ఆ తేడా రాలేదు. స్టీరింగ్ కింది మూత విప్పి చూడగా, స్విచ్ వెనక కనెక్టరులో ఒక గూడు వేడికి గోధుమరంగు తిరిగి, లోపలి రేకు వదులై కనిపించింది. ఆ కనెక్టరు, కొత్త రేకులు కలిపి అయిన ఖర్చు అనవసరంగా మార్చిన ఆల్టర్నేటర్ ధరలో చిన్న భాగం కూడా కాదు.

తీగ తెగిందో లేదో శబ్దంతో చెప్పే, అందరూ మొదట వాడే బజర్ పరీక్షను మాత్రం నేను నమ్మను. మీటరు పంపేది అతి తక్కువ కరెంటు కనుక, తీగలో ఒక్క పోగు మిగిలినా బజర్ మోగుతుంది. 55 వాట్ల హెడ్‌లైట్ బల్బుకు సుమారు నాలుగున్నర ఆంపియర్లు కావాలి; ఆ ఒక్క పోగు అంత భారం మోయలేదు. ఒకవైపు లైటు మసకగా వెలుగుతున్నప్పుడు ఎర్త్ తీగను (బల్బు నుంచి కారు బాడీకి వెళ్లే తీగను) బజర్ బాగుందన్నది, కానీ లైటు వేసి ఉంచి అదే తీగ రెండు చివరల మధ్య కొలిస్తే 1.8 వోల్టులు వచ్చాయి. పాత బండిలో వైరును పని చేస్తున్నప్పుడే కొలవాలని నేను గట్టిగా చెప్పగలిగేది ఈ అనుభవంతోనే.

రాత్రుళ్లు బ్యాటరీ దిగిపోయినప్పుడూ ఈ మీటరే ఆదుకుంది. అన్నీ ఆపి, తలుపులు మూసి, అరగంట ఆగి కొలిస్తే 350 మిల్లీఆంపియర్లు చూపింది. మామూలుగా 50 లోపు ఉండాలి. 350 లెక్కన 35 ఆంపియర్-గంటల బ్యాటరీ వంద గంటల్లో ఖాళీ అవుతుంది. ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ పోతే, తర్వాత బిగించిన ఆడియో ఆంప్లిఫయరే కారణమని తేలింది.

లోపాలూ ఉన్నాయి. క్షణంలో చిన్న వంతుపాటు తెగే కరెంటును ఇది పట్టుకోలేదు. అలాంటప్పుడు 21 వాట్ల బల్బును తీగకు కలిపి, కనెక్టర్లను కదుపుతూ దాని మిణుకును చూడటమే మేలు. నాలుగో ఏట మీటరు తీగే లోపల విరిగి, లేని లోపం కోసం రెండు ఆదివారాలు వెతికించింది. అప్పటి నుంచి ప్రతిసారీ ముందుగా రెండు కొసలనూ కలిపి, తీగలను ఊపి, నిరోధం అర ఓము లోపు నిలకడగా ఉందని చూసుకున్నాకే పని మొదలుపెడతాను. ఆంపియర్లు కొలిచే రంధ్రంలో తీగ ఉంచి వోల్టులు కొలవబోతే లోపలి 10 ఆంపియర్ల ఫ్యూజు కాలిపోయింది. దాని స్థానంలో అదే రకం సిరామిక్ ఫ్యూజు వేయాలి. మామూలు గాజు ఫ్యూజు వేయకూడదు.