‘వాక్స్’ అని రాసి ఉన్న ప్రతి డబ్బానూ నమ్మి కొనకండి

కారు పెయింట్‌కు రక్షణగా ఉంటుందని ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఒక వాక్స్, రక్షించడం అటుంచి పెయింట్‌నే అరగదీసింది కాబట్టి, అలాంటిది కొనబోయేవారిని ముందే హెచ్చరిస్తున్నాను. డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలతో ‘వాక్స్’ అనీ, గీతలన్నీ మాయమవుతాయనీ ఉంటుంది. అందులో రాపిడి పొడి కలిసి ఉందన్న ముక్క మాత్రం వెనకవైపు అడుగున, కళ్లు చికిలిస్తే గాని కనబడనంత చిన్నగా ఉంటుంది.

పూసి తుడిచిన రోజు బానెట్ అద్దంలా మెరిసింది. కొన్నిసార్లు షాంపూతో కడిగాక ఎండలో పక్కనుంచి చూస్తే పాత గీతలన్నీ మళ్లీ తేలాయి. వాటికి తోడు, గుడ్డతో రుద్దిన దారి వెంట సన్నని గుండ్రటి గీతలు కొత్తగా పడ్డాయి. అందులోని నూనెలు, ఫిల్లర్లు గీతలను తాత్కాలికంగా పూడ్చాయే తప్ప పోగొట్టలేదు. నల్లటి ప్లాస్టిక్ అంచులకు అంటిన తెల్లటి మరకలు ఇప్పటికీ వదలలేదు.

ఇప్పటి కార్లలో రంగుపైన ఉండే క్లియర్ కోట్ అనే పారదర్శక పొర మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా పలచన. అసలైన వాక్స్ ఆ పొర మీద నిలుస్తుంది. రాపిడి పాలిష్ రుద్దిన ప్రతిసారీ ఆ పొరలోంచే కొంత తీసేస్తుంది. అవసరమైనప్పుడు తెలిసి పాలిష్ చేయించుకోవడంలో తప్పేమీ లేదు గాని, దాన్నే వాక్స్ అనుకుని నెలనెలా రుద్దితే, అరిగిపోయిన క్లియర్ కోట్‌ను తిరిగి తెచ్చుకోవడానికి పెయింట్ వేయించడం తప్ప వేరే దారి ఉండదు.

డబ్బా మీద ‘క్లీనర్ వాక్స్’, ‘కాంపౌండ్’, ‘స్క్రాచ్ రిమూవర్’ వంటి మాటలు కనబడితే అది రాపిడి సరుకేనని అనుమానించండి. పనికిరాని సీడీ మెరిసే వైపు కొంచెం రాసి మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో రుద్ది చూస్తే, గరుకైన సరుకైతే సన్నని గీతలతో వెంటనే బయటపడుతుంది. ఒకే పూతతో ఏళ్ల తరబడి రక్షణ అన్న మాటనూ నమ్మకండి. కార్నౌబా అనే తాటిజాతి చెట్టు ఆకుల మైనంతో చేసే వాక్స్ మహా అయితే కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలలు నిలుస్తుంది.

మూత తీసిన డబ్బాను వాపసు తీసుకోబోమని అమ్మకందారు తేల్చి చెప్పారు, కాబట్టి వెనకవైపు రాసినదంతా మూత తీయకముందే చదవండి.