రోడ్డు వద్దంటే ధర్నానా, కోర్టా, అభ్యంతర పత్రమా: ఏది మేలు?

విశాఖ చుట్టుపక్కల ఆనందపురం, సబ్బవరం, భీమిలి వైపు రైతులు తరచూ అడుగుతున్నారు: కొత్త రోడ్డు మా పొలం మీదుగా గీశారు, ధర్నాకు కూర్చోవాలా, హైకోర్టుకు వెళ్లాలా?

అది జాతీయ రహదారి అయితే ముందు 3సీ సెక్షన్ కింద అభ్యంతరం వేయండి, మిగతావన్నీ తర్వాత. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద 3ఏ నోటిఫికేషన్ (ఫలానా భూమి తీసుకోవాలనుకుంటున్నట్టు గెజిట్‌లో వచ్చే తొలి ప్రకటన) వెలువడిన 21 రోజుల్లోగా, ఆ భూమిపై హక్కున్నవారు భూసేకరణ అధికారికి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. అధికారి మీ వాదన వినాల్సిందే. దాన్ని తోసిపుచ్చాక, భూమి తీసుకుంటున్నట్టు ఖరారు చేసే 3డీ ప్రకటన వస్తే భూమి కేంద్రానికి దఖలు పడుతుంది. ఆ తర్వాత మిగిలేది చాలావరకు పరిహారం పేచీయే.

అభ్యంతరంలో ఏం రాశారన్నదే అసలు సంగతి. నేను చూసిన పత్రాల్లో ఎక్కువ భాగం సెంటు రేటు గురించే. 3సీ దశలో తేలాల్సింది రేటు కాదు, ఆ భూమిని రోడ్డుకు వాడటం సబబా కాదా అన్నది. రేటు పరిహారం తేల్చే 3జీ దశలో వస్తుంది, అక్కడ తృప్తి లేకపోతే ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) ఉన్నారు. కాబట్టి గెడ్డ (వాగు) నీరు ఎటు ఆగిపోతుందో, బావి పోతే ఎన్ని ఎకరాలు ఎండుతాయో, పక్కనే ప్రభుత్వ భూమి ఉంటే దాని సర్వే నంబరు ఎంతో రాయండి. ఊరంతా ఒకే కాగితం మీద సంతకాలు పెట్టడం కంటే ఎవరి భూమికి వారు విడిగా ఇవ్వడం మంచిది. రశీదు లేకుండా కార్యాలయం గుమ్మం దిగవద్దు.

హైకోర్టులో రిట్ (అధికారుల చర్యను సవాలు చేసే పిటిషన్) బలమైన ఆయుధమే, కానీ అది నిలబడేది ఆ రశీదు మీదే. అభ్యంతరమే చెప్పనివారు అక్కడికి వెళ్లి ‘మా మాట వినలేదు’ అని ఎలా అంటారు? ఇంకో మెలిక కూడా ఉంది. 3ఏ వచ్చిన ఏడాదిలోగా 3డీ రాకపోతే నోటిఫికేషన్ చెల్లదు. అయితే కోర్టు స్టే ఉన్న కాలాన్ని ఆ ఏడాదిలో లెక్కించరు. తొందరపడి తెచ్చుకున్న స్టే ఒక్కోసారి అవతలివారికే గడువు పెంచుతుంది.

విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) గాంధీ విగ్రహం దగ్గర ధర్నాను తీసిపారేయను. నోటిఫికేషన్ రాకముందు, అలైన్‌మెంట్ (రోడ్డు ఎటు వెళ్లాలన్నది) ఇంకా చర్చల్లో ఉన్నప్పుడు దానికే పదును ఎక్కువ. గెజిట్ వచ్చాక శిబిరంలో కూర్చుని 21 రోజులు పోగొట్టుకోవడమే నాకు నచ్చనిది.

కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇస్తే ఇవ్వండి, నష్టం లేదు.

2013 భూసేకరణ చట్టం కింద వేసే రాష్ట్ర రోడ్డయితే ప్రాథమిక నోటిఫికేషన్ నుంచి 60 రోజుల గడువు ఉంటుంది. అక్కడ ప్రజాప్రయోజనం ఉందా, ఇంత భూమి అవసరమా అన్నవాటితో పాటు సామాజిక ప్రభావ అంచనా నివేదిక ఉంటే దాన్నీ ప్రశ్నించవచ్చు.