కుదురులేని పిల్లాడు: ఆగి చూడాలా, జిల్లా ఆసుపత్రికా, హైదరాబాద్‌కా?

"ఒక్క కాడ కూసోడు సారూ, చెప్పింది చెవికెక్కదు." బడిలో మాకు తరచూ వినపడే మాట ఇది. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడమో, కుదురులేకపోవడమో, రెండూనో ఉండే సమస్య) అనే అనుమానం వచ్చాక మా నల్లగొండ, పాలమూరు వైపు తల్లిదండ్రులకు మూడు దార్లు కనిపిస్తాయి.

మొదటిది, పెద్దయితే వాడే మారతాడని ఆగడం. మూడు నాలుగేళ్ల పిల్లల విషయంలో కొన్నాళ్లు చూడటం తప్పేమీ కాదు, ఆ వయసులో పరుగులు సహజం. కానీ ఆరు నెలలు దాటినా అదే తీరు ఉండి, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తూ, చదువుకో స్నేహాలకో అడ్డు వస్తుంటే ఇక ఆగొద్దు. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలవుతాయి. ఎక్కువ నష్టపోయేది మాత్రం అల్లరి చేయని పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు. వెనక బెంచీలో నెమ్మదిగా కూర్చుంటుంది, బోర్డు మీది లెక్క సగంలో వదిలేస్తుంది, పెన్సిలో పుస్తకమో రోజూ పోగొడుతుంది. ఎవరినీ ఇబ్బంది పెట్టదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. "మంచి పిల్లే, కానీ మొద్దు" అనేస్తారు. ఆ మాట వింటే నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

రెండోది, నేరుగా హైదరాబాద్. అక్కడ పిల్లల మానసిక వైద్యులు, సైకాలజిస్టులు ఎక్కువ. బుద్ధిమాంద్యం అనుమానం కూడా ఉంటే సికింద్రాబాద్‌లో ఆ సమస్య ఉన్నవాళ్ల కోసమే పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. అయితే ఈ సమస్యను తేల్చే రక్తపరీక్షగానీ స్కానింగ్‌గానీ లేదు. డాక్టరు ఇంటివాళ్లనూ టీచర్నీ అడిగే తేలుస్తారు. బడి సంగతి తెలియకుండా వెళ్తే టీచర్‌తో నింపించుకు రమ్మని ఫారం చేతికివ్వవచ్చు. పైగా ఒక్కసారితో అయ్యే పని కాదు. అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో వారం వారం వెళ్లాలంటే బస్సు చార్జీలతో పాటు ఆ రోజు కూలీ కూడా పోతుంది. అలా మధ్యలో ఆగిపోయే వైద్యంతో పిల్లాడికి ఒరిగేది తక్కువ.

అందుకే నా ఓటు మూడో దారికి: ముందు టీచర్, తర్వాత జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వస్తాయి. 18 ఏళ్ల వరకు పిల్లల్లో వాళ్లు చూసే సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది, ఖర్చు లేదు. చూపు, వినికిడి, రక్తహీనత, నిద్ర సంగతి ముందు జిల్లా ఆసుపత్రిలోనే తేల్చుకోవచ్చు. సరిగ్గా వినపడని పిల్లాడూ "చెప్పింది వినడు" కదా! అమ్మానాన్నలు వలస వెళ్తే తాత దగ్గరో గురుకులంలోనో ఉండే పిల్లల టెన్షన్ కూడా పైకి ఇలాగే కనిపిస్తుంది. పాలమూరు డాక్టరుకు ఆ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

వెళ్లేముందు రెండు వారాలు ఒక నోటుబుక్కులో రాయండి: ఏ పని సగంలో వదిలాడు, ఎప్పుడు ఎవరి మాటకు అడ్డుపడ్డాడు, ఎంతసేపు నిద్రపోయాడు. టీచర్‌నూ విడిగా రాయమనండి. ఫిట్స్ ఉన్నా, మాటలు ఆలస్యమైనా, ఇక్కడి వైద్యంతో మార్పు లేకపోయినా అప్పుడు హైదరాబాద్ వెళ్లాల్సిందే. ఆ నోటుబుక్కు అక్కడా పనికొస్తుంది.

మందుల భయం చాలామందికి ఉంటుంది. ఆరేళ్లలోపు పిల్లలకు ముందుగా తల్లిదండ్రులకే శిక్షణ ఇస్తారు. ఆ తర్వాతి వయసులో మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందు రాస్తే ఆకలి, నిద్ర తగ్గుతాయేమో డాక్టర్నే అడగండి, మీ అంతట మీరు ఆపొద్దు. ఆసుపత్రికి వెళ్లే ధైర్యం ఇంకా చాలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.