యానాం పెట్రోల్ బంక్: రేటుకి ఐదు స్టార్లు, గాలి మిషన్‌కి సున్నా

ఎదుర్లంక బ్రిడ్జి దాటాక యానాంలో ఉన్న బంకుల్లో ఒకటి, పేరెందుకులెండి, మన కోనసీమ వైపోళ్లకి తెలిసిందే. గోదావరి దాటేసరికి పెట్రోల్ లీటరుకి పది రూపాయల పైనే తగ్గిపోద్ది, అందుకే లైన్లో ఉన్న బళ్లు చాలా మటుకు ఏపీవే.

కొట్టే కుర్రాడు మర్యాదస్తుడు, "జీరో చూస్కోండి సార్" అని చెప్పి మరీ కొట్టాడు, క్యాన్లు తెచ్చినోళ్లని మొహమాటం లేకుండా వెనక్కి పంపేస్తున్నాడు. పనిలో పని ఇంజన్ ఆయిల్ డబ్బా కూడా తీస్కున్నా, అదీ చవగ్గా వస్తదని మా బావమరిది చెప్పాడు గానీ ఏం రాదు, బిల్లులో సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9 కలిపి 18 శాతం, అమలాపురంలో కొన్నా అంతే. ఆయిల్‌కి జీఎస్టీ, పెట్రోల్‌కి వ్యాట్ (అమ్మకం మీద వేసే పన్ను), ఒకే బంకులో రెండు లెక్కలు.

లైన్లో ఒకాయన "ఢిల్లీలో మెజారిటీ ఉంది కదండీ, పార్లమెంట్‌లో ఒక చట్టం చేసి దేశమంతా ఒకే రేటు పెట్టేయొచ్చుగా" అన్నాడు. ఆయ్, అక్కడే ఉంది తిరకాసు. పెట్రోల్ అమ్మకం మీద పన్ను రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది, 54వ ఎంట్రీ. కేంద్రం చేతిలో ఉన్నది ఎక్సైజ్, అంటే తయారీ మీద పన్ను, అది బ్రిడ్జికి అటూ ఇటూ ఒకటే. తేడా అంతా వ్యాట్‌ది. ఆంధ్రాలో 31 శాతం, దాని మీద లీటరుకి 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్ సెస్సు. యానాంలో 18 శాతం లోపే. మనోళ్లు ఎంత బాదినా ఆ 31ని 30 చెయ్యడం పార్లమెంట్ వల్ల కాదు.

మరి జీఎస్టీలో కలిపెయ్యొచ్చుగా అంటారా, 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పెట్రోల్, డీజిల్, క్రూడ్, నేచురల్ గ్యాస్, విమానాల ఇంధనం ఈ ఐదింటినీ పక్కన పెట్టారు, ఎప్పుడు కలపాలో జీఎస్టీ కౌన్సిల్ సిఫార్సు చెయ్యాలి. కౌన్సిల్‌లో కేంద్రం ఓటు మూడో వంతు, రాష్ట్రాలన్నిటివీ కలిపి మూడింట రెండొంతులు, ఏదన్నా పాసవ్వాలంటే ముప్పావు వంతు కావాలి. అంటే కేంద్రం అడ్డుకోగలదు గానీ ఒక్కతే ఏదీ చేయించలేదు. 2021 సెప్టెంబర్‌లో లక్నో మీటింగ్‌లో పెట్రోల్ మాట వచ్చింది, ఇప్పుడు కాదులే అని పక్కన పడేశారు. ఏ రాష్ట్రం ఒప్పుకుంటుందండీ, మందూ పెట్రోలే కదా వాళ్ల చేతిలో మిగిలింది.

నాకు బాగా నచ్చిన ముక్క ఇంకోటుంది. యానాం పుదుచ్చేరిలో భాగం, అంటే కేంద్ర పాలిత ప్రాంతం. 246వ అధికరణం నాలుగో క్లాజు ప్రకారం అలాంటి చోట్ల రాష్ట్రాల జాబితాలో ఉన్న విషయాల మీద కూడా పార్లమెంట్ చట్టం చెయ్యొచ్చు. అంటే తలుచుకుంటే ఈ బంకు వ్యాట్ మీద చెయ్యి వెయ్యగలదు, ఎదుర్లంక బంకు మీద వెయ్యలేదు! మధ్యలో ఉన్నది గోదావరి పాయే. ఇప్పటికైతే పుదుచ్చేరి వాళ్లే పెట్టుకుంటున్నారు, తక్కువే పెట్టారు, మనకి పండగ.

ఇక బంకు సంగతి. గాలి మిషన్ పని చెయ్యట్లేదు, అడిగితే రేపొస్తాడు అన్నారు. బాత్‌రూమ్‌కి తాళం, తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. సాయంత్రం లైన్ రోడ్డు మీదకొచ్చేస్తది, పొద్దున్నే వెళ్తే నయం. కారుకి 35 లీటర్లు కొట్టిస్తే 350 పైన మిగులుద్ది గానీ, స్కూటీ వేస్కుని అమలాపురం నుంచి దీనికోసమే పనిగట్టుకుని వెళ్లకండి, మిగిలేదంతా దారి ఖర్చుకే పోద్ది, కాకినాడ పని ఉన్నప్పుడు మాత్రం ట్యాంక్ ఖాళీగా బయల్దేరండి.