ఆరేళ్ల వికీపీడియా రచన: ‘చరిత్ర’ కోసమే ఉండిపోయాను

వికీపీడియా అంటే ఏమిటో, ఖాతా ఎలా తెరవాలో చెప్పబోవడం లేదు. తెలుగు వికీపీడియాలో 2019 నుంచి రాస్తున్నాను. ఇన్నేళ్లూ నన్ను అక్కడ నిలిపింది ప్రతి వ్యాసం పైన కనిపించే ‘చరిత్ర’. దాన్ని నొక్కితే ఆ వ్యాసం పుట్టిన రోజు నుంచి ఎవరు ఎప్పుడు ఏ అక్షరం మార్చారో వరుసగా కనిపిస్తుంది. చదవడానికి వచ్చేవారిలో చాలామంది దాని జోలికి పోరు. నేను ఇప్పుడు ఏ వ్యాసం తెరిచినా ముందు చూసేది అదే.

దాని విలువ మా తాతయ్య వల్ల తెలిసింది. ఆయన విశాఖపట్నంలో ఓడలు కట్టే సింధియా షిప్‌యార్డులో పనిచేశారు. షిప్‌యార్డు పేరు 1952లోనే మారినా, మల్కాపురం వైపు వాళ్లకు ఆ చోటు ఈనాటికీ సింధియాయే. ‘జల ఉష’ ఓడ నీళ్లలోకి జారిన రోజు నెహ్రూను దగ్గర నుంచి చూశానని ఆయన చెప్పని పండగ లేదు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1947లోనే, అనేవారు. ఖాతా తెరిచిన మూడో రోజున నేను షిప్‌యార్డు గురించిన వ్యాసంలో ఆ సంగతి చేర్చాను. ఆ జనం, ఓడ కదిలినప్పుడు లేచిన కేక, పనివాళ్లు ఒకరినొకరు కావలించుకోవడం, అన్నీ కలిపి నాలుగు వాక్యాలు. భోజనం చేసి వచ్చి చూస్తే ఒక్కటీ లేదు.

ఒళ్లు మండిపోయింది. మా తాతయ్య మాటను ముక్కూ మొహం తెలియని మనిషి తుడిచేశారు! ఎవరో తెలుసుకుందామని మొదటిసారి ‘చరిత్ర’ నొక్కాను. నేను రాసిన కూర్పు, దాన్ని తొలగించిన కూర్పు పక్కపక్కన వచ్చాయి, తేడా రంగుల్లో. కింద సారాంశంలో ‘మూలం లేదు, ఏడాది సరిచూడాలి’ అని ఉంది. నా చర్చ పేజీలో అదే వాడుకరి మరి రెండు మాటలు రాశారు, పేరు చివర ‘గారు’ తగిలించి మరీ. ఇంట్లో విన్న సంగతి విజ్ఞానసర్వస్వంలో నిలవాలంటే అచ్చయిన ఆధారం ఉండాలట, దొరికితే నన్నే మళ్లీ చేర్చమన్నారు.

నా మాటే నిజమని చూపించాలని ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి వెళ్లాను. వరుసగా మూడు శనివారాలు పాత పుస్తకాలు తిరగేశాను. చివరికి దొరికింది. జల ఉష జలప్రవేశం 1948 మార్చి 14న, నెహ్రూ చేతుల మీదుగా. తాతయ్య చెప్పిన మనిషి సరే, ఓడ సరే, ఏడాది మాత్రం తప్పు. ఇంటికి వచ్చి ఒకే ఒక్క వాక్యం రాసి పుస్తకం పేరు, పుట సంఖ్య ఇచ్చాను. దాన్ని ఇంతవరకు ఎవరూ కదపలేదు.

ఆ 1947 కూడా ఎక్కడికీ పోలేదు. తేదీతో, సమయంతో, నా పేరు కింద పాత కూర్పులో అలాగే ఉంది. మొదట్లో సిగ్గేసి, దాన్ని పూర్తిగా తీసేయమని రచ్చబండలో, అంటే వికీపీడియాలో రాసేవాళ్లంతా మాట్లాడుకునే పేజీలో, అడుగుదామనుకున్నాను. అడగనందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను. తాతయ్య చెప్పిన తీరులో ఆ నాలుగు వాక్యాలను నేను రాసిపెట్టింది అక్కడొక్కచోటే. ఆయన పోయాక రెండుసార్లు ఆ కూర్పు తెరిచి చదువుకున్నాను.

2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా మూడుగా విడిపోయినప్పుడూ ఈ చరిత్రే ఆదుకుంది. మాడుగుల వైపు ఊళ్లు అనకాపల్లి జిల్లాకు, అరకు వైపువి అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లాయి. డెబ్భై దాకా ఊళ్ల పేజీల్లో జిల్లా పేరు నేనే చేత్తో మార్చాను. పాత కూర్పులు చూస్తూ పనిచేశాను కాబట్టి 2011 జనగణన వాక్యాల్లోని పాత జిల్లా పేరును తెలియక చెరిపేయకుండా ఆగగలిగాను. ఆ లెక్కలు తీసిన నాటికి అవన్నీ విశాఖపట్నం జిల్లా ఊళ్లే కదా.

ఏదీ పోదన్న ధీమా పూర్తిగా నిజం కాదు. ఒక పుస్తకం నుంచి పేరా యథాతథంగా ఎత్తి రాసినప్పుడు, కాపీహక్కుల కారణంగా ఆ కూర్పునే కనబడకుండా చేశారు. అది న్యాయమే. మా వీధి గుడి మీద నేను మొదలుపెట్టిన పేజీని తగిన మూలాలు లేవని తొలగించినప్పుడు మాత్రం దాని చరిత్ర కూడా నా కంటికి దూరమైంది. తొలగించిన పేజీల కూర్పులు నిర్వాహకులకే కనిపిస్తాయి. నకలు దాచుకోలేదు, ఆ బాధ ఇంకా ఉంది. అందుకే ఇప్పుడు ఏ కొత్త పేజీ అయినా ముందు నా ప్రయోగశాలలో, అంటే వికీపీడియాలో నా చిత్తు పేజీలో, రాసుకుని, కంప్యూటర్‌లో ఒక ప్రతి ఉంచుకుంటున్నాను.

ఇందులోకి రమ్మని అందరికీ చెప్పగలనా అంటే తటపటాయిస్తాను. నాకు తెల్లవారుజామున రెండు గంటలు తీరిక ఉంది, ఇంట్లో కంప్యూటర్ ఉంది, గ్రంథాలయం పావుగంట నడక. మా మేనకోడలు ఫోనులోనే రాసేది. మూలాలు చేర్చడం ఆ చిన్న తెరమీద చాలా కష్టమై నెల తిరగకముందే మానేసింది, దాన్ని తప్పుపట్టలేను. గ్రంథాలయం అంత దగ్గరలో లేకపోతే ఆ మూడు శనివారాలు నేను మాత్రం వెళ్లేదాన్నా? రెండో వారానికే కోపంతో మానేసేదాన్నేమో.